రీలు ఒకటే, పెట్టెలు రెండు

ప్రశ్న: నేను కోనసీమలో, ముక్తేశ్వరం దగ్గర ఒక ఊళ్ళో ఉపాధ్యాయురాలిని. మా మేనమామ గారు ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక ఆయన పెంటాక్స్ కె-1000 కెమెరా నాకు వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక మా అమ్మమ్మ గారి మండువా లోగిలి పడగొట్టబోతున్నారు. ఈలోగా ఆ ఇంటిని, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని ఫిల్ము మీద తీయాలని నా కోరిక. అలవాటు కోసం రెండు వేర్వేరు కంపెనీల 400 రంగుల రీళ్ళు తెప్పించాను. ఒకటి 1,050 రూపాయలు, రెండోది 1,400. కడిగి స్కాన్ చేసినందుకు ఒక్కోదానికి 450 అయింది. తీరా చూస్తే రెండింటి రంగులూ ఒకేలా ఉన్నాయి. తెలిసిన అబ్బాయి ఒకడు "రెండూ ఒకే ఫ్యాక్టరీవి, పెట్టె మార్చి అమ్ముతారు" అన్నాడు. ఇది మోసం కాదా? ఇంత ధర పెట్టి ఈ రోజుల్లో ఫిల్ము కొనడం సబబేనా? సినిమా ఫిల్మును చిన్న రీళ్ళుగా చుట్టి తక్కువకు అమ్ముతున్నారట, కొనవచ్చా? మామయ్య సామానులో లేబుల్ ఊడిపోయిన గుండ్రటి రేకు డబ్బా కూడా ఒకటి దొరికింది. మూత చుట్టూ టేపు వేసి ఉంది. లోపల ఫిల్మే ఉంటే పనికొస్తుందా?

సమాధానం: అమ్మా, మీరు ధర గురించి ఎక్కువ రాశారు. నాకు మాత్రం ఉత్తరంలో ముందు కనిపించింది సంక్రాంతి గడువు. ఆ ఇల్లు ఒకసారి నేలమట్టమైతే రెండోసారి తీయడానికి ఏమీ మిగలదు. అందుకని ఆ గడువును మనసులో పెట్టుకునే జవాబు రాస్తున్నాను.

ముందు ఒక పని చేయండి. కడిగించిన రెండు నెగటివ్‌లనూ పగటిపూట కిటికీ దగ్గర, తెల్లటి ఆకాశానికి అడ్డంగా పక్కపక్కన పట్టుకోండి. బొమ్మల జోలికి వెళ్ళకుండా అంచులు చూడండి. చిల్లులకు బయట, గోరంచు అంత సన్నటి జాగాలో అక్షరాలు, అంకెలు, చీపురు పుల్లలు పరిచినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి మీ కెమెరా వేసినవి కావు. ఫిల్ము తయారయ్యే చోటే వాటిని కాంతితో అచ్చు వేస్తారు. కడిగే దాకా కంటికి కనిపించవు, కడిగాక బొమ్మలతో పాటే లేస్తాయి. ఆ గీతలది 1983లో కొడాక్ తెచ్చిన డి.ఎక్స్. కోడ్ పద్ధతి. తరువాత మిగిలిన పెద్ద కంపెనీలూ దానినే వాడుకున్నాయి. రెండు నెగటివ్‌ల మీదా గీతల వరుస ఒకటే అయి, ఖాళీ చోట కనిపించే నారింజ రంగు కూడా ఒకే చిక్కదనంలో ఉంటే రెండూ ఒకే గూటివని దాదాపుగా చెప్పవచ్చు. దాదాపుగా అని ఎందుకు అంటున్నానంటే, కొనే సంస్థ కోరితే తయారీదారు పాళ్ళు కొంచెం మార్చి ఇవ్వగలడు. అంచుల మీద వేరే అక్షరాలూ వేయగలడు. రీలు డబ్బీ మీద సన్నటి అక్షరాలతో ఏ దేశంలో తయారైందో కూడా ఉంటుంది. రెండు డబ్బీల మీదా దేశం ఒకటేనేమో అదీ చూడండి.

మన వైపు రైస్ మిల్లు చూడని వారుండరు. అదే ధాన్యం, అదే మర, అదే పాలిష్. బయట గుమ్మం దగ్గర మాత్రం నాలుగు రకాల సంచులు కుట్టి ఉంటాయి. ఒక దాని మీద దేవుడి బొమ్మ, ఇంకో దాని మీద తామర పువ్వు, మూడో దాని మీద పక్క జిల్లా టోకు వ్యాపారి పేరు. ధరలోనూ తేడా ఉంటుంది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ బియ్యం ఏ సంచిలో పోసినా స్వర్ణే. ఫిల్ము వ్యాపారంలో జరుగుతున్నదీ ఇంతే. అయితే మన డెల్టాలో మిల్లులు వందల్లో ఉంటే, ఫిల్ము మీద వెలుగును పట్టే పూత పూసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

అమెరికాలో రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ కొడాక్ ఉంది. ఇంగ్లండులో మొబర్లీ దగ్గర ఇల్‌ఫర్డ్, కెంట్‌మియర్ పేర్లతో తయారు చేసే హార్మన్ ఉంది. చెక్ దేశంలో హ్రాదెత్స్ క్రాలొవే ఊళ్ళో 1921 నుంచి ఫోమా ఉంది. జపానులో ఫ్యూజీ, బెల్జియంలో అగ్ఫా-గెవర్ట్ ఉన్నాయి. జర్మనీలో, ఇటలీలో, చైనాలో మరికొన్ని ఉన్నాయి. అంగడిలో కనిపించే పెట్టెలు మాత్రం దీనికి ఎన్నో రెట్లు. అంటే చాలా పెట్టెల మీద పేరున్న సంస్థకు సొంత ఫ్యాక్టరీయే లేదు.

కొన్ని ఉదాహరణలు చెబుతాను. అమెరికాలో అమ్ముడయ్యే ఫ్యూజీఫిల్మ్ 200, 400 రంగుల రీళ్ళ మీద కొన్నేళ్ళుగా అమెరికాలో తయారైనట్టు రాసి ఉంటోంది. వాటి సాంకేతిక పత్రాల్లోని గ్రాఫు గీతలు కొడాక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400 పత్రాల్లోని గ్రాఫు గీతలతో సరిపోతున్నాయని ఫోటోగ్రాఫర్లు పక్కపక్కన పెట్టి చూపించారు. మా తరం ఈ మాట నమ్మడానికి చాలాకాలం పట్టింది. ఒకప్పుడు మా స్టూడియోల గోడల మీద కొడాక్ వారి పసుపు బోర్డు ఉంటే ఫ్యూజీ వారి ఆకుపచ్చ బోర్డు ఉండేది కాదు. ఆ రెండు కంపెనీల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కారు. లోమోగ్రఫీ సంస్థ రంగుల నెగటివ్ ఫిల్ములు కూడా కొడాక్ దగ్గర పూత పూసినవేనని తెలిసినవారు ఎప్పటినుంచో చెబుతున్నారు. అమెరికాలో అరిస్టా ఇ.డి.యు. అల్ట్రా అనే నలుపు-తెలుపు ఫిల్ము చెక్ దేశపు ఫోమావారిదే. అగ్ఫాఫోటో సంగతి మరీ చిత్రం. ఆ సంస్థ 2005లో దివాలా తీసింది, పేరు మాత్రం బతికింది. తరువాత అదే పేరుతో బ్రిటన్‌లో ఒక్క పౌండుకు అమ్మిన విస్టా 200 రీలు లోపల జపానులో తయారైన ఫ్యూజీ ఫిల్ము. ఆ పెట్టె కొన్నవారు నష్టపోలేదు. ఫ్యూజీ పెట్టెకు ఎక్కువ పెట్టి కొన్నవారే అదే ఫిల్ముకు ఎక్కువ చెల్లించారు.

ఇదేమీ ఈ కాలపు ఎత్తుగడ కాదు. ఇటలీలోని ఫెర్రానియా కర్మాగారాన్ని 1964లో అమెరికా సంస్థ 3ఎమ్ కొన్నది. అక్కడ పూసిన ఫిల్ము దశాబ్దాల పాటు మందుల దుకాణాల పేర్లతో, పెద్ద అంగళ్ళ పేర్లతో ఎన్నో దేశాల్లో అమ్ముడైంది. ఇక్కడ మా చిన్న స్టూడియోల్లో మేమూ ఆ పని చేసినవాళ్ళమే. వంద అడుగుల డబ్బా కొని, చీకటి గదిలో కొలిచి కత్తిరించి, వాడేసిన పాత డబ్బీల్లోకి చుట్టుకునేవాళ్ళం. ఒక డబ్బాకు 36 బొమ్మల రీళ్ళు 18 దాకా వచ్చేవి. డబ్బీ మీద ఒక కంపెనీ పేరు, లోపల ఇంకో కంపెనీ ఫిల్ము. పెన్నుతో ఒక చీటీ రాసి అంటించేవాళ్ళం. ఆ చీటీలో ఉన్నది నిజమైతే చాలు, ఎవరికీ నష్టం లేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: పేరు మార్చి అమ్మడం మోసం కాదు. వేగం, అంటే వెలుగును పట్టే చురుకు, 400 అని రాసి 400 ఇచ్చారు, మామూలు రంగుల ఫిల్ముకు వాడే సి-41 రసాయనంలో కడగాలని రాశారు, అలాగే కడిగితే సరిగా వచ్చింది, గడువు తేదీ ఉంది. కొన్నవారికి చెప్పవలసింది చెప్పారు. అంచుల గీతలు కూడా ఒకటే అయితే, మీరు 350 రూపాయలు ఎక్కువ ఇచ్చింది పెట్టెకే, ఆ మాట నిజం. ఇక ముందు ఇవ్వకండి.

మోసం ఎక్కడ ఉంటుందో నాకు బాగా తెలుసు. 1994లో, వైశాఖ మాసంలో, అత్తిలి వైపు ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. ముహూర్తాల రోజులు, రీళ్ళకు కరువు. ఒక టోకు వ్యాపారి దగ్గర పది రీళ్ళు మామూలు కంటే తక్కువకు దొరికితే సంతోషంగా తెచ్చుకున్నాను. పెట్టె కొత్తగా ఉంది, తేదీ బాగుంది. పెళ్ళి బాగా జరిగింది, నేనూ బాగా తీశాననే అనుకున్నాను. ప్రింట్లు వచ్చాక కవరు విప్పితే మధుపర్కాల తెలుపంతా కాలువ నాచు నీళ్ళలో ముంచి తీసినట్టు ఆకుపచ్చగా ఉంది. ముఖాల్లో రక్తం లేదు. తలంబ్రాల బియ్యం బూడిద పోసినట్టు ఉన్నాయి. రాత్రి దీపం ముందు కూర్చుని ఖాళీ పెట్టె ఒకటి చేతిలోకి తీసుకుని తేదీ ఉన్న చోట గోటితో గీకాను. సన్నటి చీటీ ఒకటి లేచి వచ్చింది. దాని కింద అసలు తేదీ ఉంది. రెండేళ్ళు దాటిపోయింది. రెండు వేసవులు ఏ రేకుల గోదాములో కాగిందో ఆ సరుకు.

మర్నాడు డబ్బు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రి ప్రింట్లు ఒక్కొక్కటే చూసి, మాంగల్యధారణ బొమ్మ దగ్గర ఆగి, "బాబూ, ఇది మళ్ళీ తీయలేం కదా" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మీ ఇల్లు పడిపోతుందని చదవగానే గుర్తుకు వచ్చింది కూడా అదే.

అందుకే రీలు చేతికి వచ్చినప్పుడు ముందు చూడవలసింది తేదీ. దాని మీద అంటించిన చీటీ ఉందేమో వేలితో తడిమి చూడండి. తరువాత ఏ పద్ధతిలో కడగాలో రాశారా లేదా చూడండి. ఆ రెండూ లేని రీలు ఎంత తక్కువకు వచ్చినా మీ అమ్మమ్మ గారి ఇంటికి వాడకండి.

ఇక ధర. ఒక రీలులో ఉండే వెండి గ్రాములో కొంత భాగమే. వెండి ధర బాగా పెరిగిందన్నది నిజమే గానీ, రీలు ధరలో పెద్ద వాటా దానిది కాదు. మనిషి గుండెల ఎత్తు వెడల్పున ఉండే పారదర్శకమైన పొరను, కారు చీకట్లో, దుమ్ము కణం లేని గదుల్లో నడిపిస్తూ, దాని మీద జెలటిన్‌లో కలిపిన వెండి లవణాలను పొర మీద పొరగా పూస్తారు. రంగుల ఫిల్ములో ఆ పొరలు పదికి పైగా ఉంటాయి. అన్నీ కలిపినా తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ యంత్రాన్ని నడపడానికి అయ్యే ఖర్చు రోజుకు వెయ్యి రీళ్ళు తీసినా లక్ష తీసినా పెద్దగా మారదు. డిజిటల్ కెమెరాలు వచ్చాక కొనేవారు పోయారు. కోనికా మినోల్టా 2006లో ఫోటో వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరి కోర్టుకు వెళ్ళింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పనివారు చెదిరిపోయారు. తీరా ఇప్పుడు కుర్రకారు మళ్ళీ ఫిల్ము కావాలంటే, మిగిలిన కొద్ది యంత్రాల మీదే బరువంతా పడింది.

మనకు ఒక సొంత ఫ్యాక్టరీ ఉండేది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ సంస్థ. 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇందు అనే పేరుతో నలుపు-తెలుపు ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము తయారు చేసేది. మీ మామయ్య గారి స్టూడియోలోనూ ఆ పెట్టెలు తప్పక ఉండి ఉంటాయి. అది మూతపడడం నాకు తీరని బాధ. ఇప్పుడు మనకు వచ్చే ప్రతి రీలూ సముద్రం దాటి, సుంకం కట్టి, డాలరు లెక్కన రావలసిందే. అమ్మే సంస్థలు కూడా మధ్యలో మారుతుంటాయి. కొడాక్ ఫిల్మునే తీసుకోండి. తయారు చేసేది ఈస్ట్‌మన్ కొడాక్ అయితే 2013 నుంచి అమ్మింది కొడాక్ అలారిస్ అనే వేరే సంస్థ. 2025లో ఈస్ట్‌మన్ కొడాక్ కొడాకలర్ 100, 200 అనే పేర్లతో తానే నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. పేరు చూసి కొనడం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది.

సినిమా ఫిల్ము విషయంలో కొంచెం నిదానించండి. పెద్ద సినిమాలకు వాడే కొడాక్ విజన్3 ఫిల్మును 400 అడుగుల డబ్బాలుగా కొని, ఒక్కో డబ్బా నుంచి డెబ్బైకి పైగా చిన్న రీళ్ళు చుట్టి అమ్ముతారు. ఫిల్ముగా అది చాలా మంచిది, రంగులు మెత్తగా వస్తాయి. చిక్కు ఒకటే. దాని వీపు మీద మసి పూత ఉంటుంది. కాంతి ఫిల్ము దాటి వెనక పలకకు తగిలి తిరిగి రాకుండా, ఫిల్ము గీసుకోకుండా కాపాడడానికి వేసిన పూత అది. కడిగే ముందు సోడా కలిపిన నీళ్ళలో ముంచి తుడిచి దాన్ని తీయాలి. నేను మొదటిసారి తీసినప్పుడు కాటుక గిన్నె కడిగినట్టు నల్లటి నీళ్ళు కారాయి. తెల్లటి బేసిన్ అంచున మిగిలిన మరక మళ్ళీ పోలేదు. ఈ ఫిల్మును ఇ.సి.ఎన్-2 అనే వేరే పద్ధతిలో కడగాలి. తెలియక మామూలు రంగుల యంత్రంలో వేస్తే ఆ మసి రసాయనమంతా పాడు చేసి, అదే రోజు వచ్చిన ఇతరుల రీళ్ళకు కూడా అంటుకుంటుంది. మసి పూత లేని కొత్త రకాన్ని కొడాక్ 2025లో తెచ్చింది. కానీ అంగడిలో పాత రకం ఇంకా ఉంది, చుట్టి అమ్మేవారు ఏది చుట్టారో చీటీ మీద రాయకపోతే మీకు తెలియదు.

ఆ పూతను ముందే తీసేసి మామూలు పద్ధతిలో కడిగేలా చేసి అమ్మేది సినీస్టిల్ సంస్థ. వారి 800టి అనేది విజన్3 500టి ఫిల్ము నుంచి వచ్చిందే. గోదావరి ఎదురెక్కిన ఇలసను మనం పులస అని పిలిచి పది రెట్లు ధర ఇస్తాం కదా, అలాంటి ధర ఇది. మధ్యలో నిజంగా ఒక మార్పు జరిగింది కాబట్టి ఆ ధరను నేను తప్పు పట్టను. పూత పోవడం వల్ల దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. అంతర్వేది కల్యాణం రాత్రి తీసేవారికి అది అందం. మీకు మాత్రం వద్దంటాను. 500టి, 800టి రెండూ పసుపు రంగు బల్బుల వెలుగుకు తగినట్టు చేసినవి. పగటి వెలుగులో తీస్తే అంతా నీలంగా వస్తుంది. మండువాలో పడేది ఆకాశపు వెలుగు, అది అసలే నీలం.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. మీరు కొన్న రెండింటిలో 1,050 రూపాయలదే ఇంకో మూడు తెప్పించుకోండి. మూడూ ఒకేసారి కొని, పెట్టెల మీద తయారీ సంఖ్య, తేదీ ఒకటేనని చూసుకోండి. మూడు రీళ్ళకు 3,150, కడగడానికి 1,350, అన్నీ కలిపి ఒకే పార్సెల్‌గా పంపడానికి ఒక 150 వేసుకుంటే 4,650 రూపాయలు. బొమ్మకు 43 రూపాయలు పడుతుంది. రెండో పెట్టె కొంటే ఇదే లెక్క 5,700 అవుతుంది. తేడా సరిగ్గా 1,050. అంటే పెట్టె మీది పేరుకు మీరు ఇచ్చే డబ్బుతో ఇంకో పూర్తి రీలు, 36 బొమ్మలు వస్తాయి. ఆ నాలుగో రీలు కొనండి.

ఇంత ధర పెట్టడం సబబేనా అని అడిగారు. ఇంటిని ముందుగా ఫోనుతో తీసేయండి. ప్రతి గది, ప్రతి మూల, పెంకులు, దూలాలు, బావి, అన్నీ. దానికి ఖర్చు లేదు, ఆ పని అయిపోతే మనసు కుదుటపడుతుంది. తరువాత ఫిల్ముతో నిదానంగా మొదలుపెట్టండి. 43 రూపాయల బొమ్మ కాబట్టి నొక్కే ముందు ఆగుతారు. అమ్మమ్మ గారు ఏ స్తంభానికి ఆనుకుని కూర్చునేవారో, గడప ఎక్కడ అరిగిందో ఆలోచిస్తారు. నా అనుభవంలో ఫిల్ము ధరకు దక్కే ఫలం అదే. అదీ కాక నెగటివ్ వస్తువుగా చేతిలో మిగులుతుంది. ఫోను పోయినా, ఖాతా మూతపడినా బీరువాలో ఉంటుంది. 1996 నవంబరు 6 తుపాను తరువాత కోనసీమలో తడిసి అట్టలుగా అంటుకుపోయిన ఆల్బములు ఎన్నో నా దగ్గరకు వచ్చాయి. ప్రింట్లు పోయిన చోట కూడా విడిగా కవరులో దాచిన నెగటివ్‌లు శుభ్రమైన నీళ్ళలో కడిగి ఆరవేస్తే కొన్ని బతికాయి. వాటి నుంచి మళ్ళీ ప్రింట్లు వేసి ఇచ్చాను.

మండువా లోగిలి తీయడం కష్టమే. నడిమి వాన గుంట దగ్గర వెలుగు మండుతూ ఉంటుంది, నాలుగు వైపుల వసారాలు సగం చీకటి, గదులు పూర్తి చీకటి. కెమెరాలోని మీటరు మధ్యలోని వెలుగును చూసి మోసపోతుంది. వసారా నీడ వైపు తిప్పి కొలిచి, ఆ కొలతతోనే తీయండి. రంగుల నెగటివ్ ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. సందేహం వస్తే ఒక మెట్టు ఎక్కువ ఇవ్వండి, అంటే రెట్టింపు వెలుగు. ఉదయం ఎనిమిది గంటలలోపు, ఎండ పెంకు దాటి లోపలికి దిగక ముందు తీస్తే తేడా తక్కువ. కెమెరాను ఒక స్టాండు మీద పెట్టండి, అది లేకపోతే పీట మీద పెట్టి ఊపిరి బిగబట్టండి. కె-1000లో మీటరుకు విడిగా స్విచ్ లేదు. లెన్సు మూత తీసి వదిలేస్తే బ్యాటరీ అయిపోతుంది, పని కాగానే మూత పెట్టండి. మరొకటి, డబ్బీ మీది వెండి రంగు గళ్ళను చదివి వేగాన్ని తానే పెట్టుకునే కెమెరా కాదు అది. రీలు మార్చిన ప్రతిసారి చక్రం 400 మీద ఉందో లేదో మీరే చూసుకోవాలి.

జగ్గన్నతోటలో దీనికి పూర్తిగా తలకిందులు. జనవరి ఎండ, కొబ్బరి తోట గళ్ళ నీడ, ప్రభల రంగు గుడ్డలు. అదే 400 ఫిల్ముతో పని జరుగుతుంది. ఎండలో షట్టరు 1/500, లెన్సు రంధ్రం ఎఫ్ 16 పెట్టుకుని మొదలుపెట్టండి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువను దాటే చోట నీళ్ళు వెనక్కి కొట్టే మెరుపు చాలా ఉంటుంది, మనుషుల ముఖాలు నల్లబడతాయి. అక్కడ ఒకటిన్నర మెట్లు ఎక్కువ ఇవ్వండి. అక్కడే ఒక రీలంతా ఖర్చు పెట్టకండి, తోపులాటలో సగం వృథా అవుతాయి. పది బొమ్మలు చాలు.

మన గాలిలో తేమ ఎంతో మీకు చెప్పనక్కరలేదు. రీళ్ళు రాగానే ప్లాస్టిక్ డబ్బీతో సహా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. వాడే రోజు మాత్రం రెండు మూడు గంటల ముందు బయటపెట్టి, చల్లదనం పూర్తిగా పోయాకే డబ్బీ మూత తీయండి. తొందరపడితే మజ్జిగ గ్లాసు బయట నీళ్ళు పట్టినట్టు ఫిల్ము మీద చెమ్మ పడుతుంది. ఫ్రిజ్ లేనివారికి కొడాక్ ప్రో ఇమేజ్ 100 అని ఒక రకం ఉంది. వేడి, తేమ ఉన్న దేశాల్లో బయట ఉంచినా చెడకుండా ఉండేలా చేసినది. వెలుగు బాగా ఉన్న పనులకు నేను అదే చెబుతుంటాను. తీసిన రీలును కెమెరాలో మహాశివరాత్రి దాకా ఉంచకండి. కనుమ అయిన వారంలోపు కడగడానికి పంపేయండి. ఇంటివి, ప్రభలవి వేరు వేరు రీళ్ళయితే రెండు విడి పార్సెళ్ళుగా పంపమని కొందరు చెబుతారు. దారిలో ఒకటి పోయినా రెండోది దక్కుతుందని. కొరియర్ ఖర్చు ఇంకో వంద అయినా ఆ మాట వినండి, నా లెక్క నేనే మార్చుకుంటున్నాను.

చివరిగా ఆ రేకు డబ్బా. మూత చుట్టూ టేపు ఉందంటే లోపల వాడని ఫిల్ము ఉండే అవకాశం ఎక్కువ. మేమంతా వంద అడుగుల ఫిల్మును అలాగే ఉంచేవాళ్ళం. ఇన్నేళ్ళ వేసవులు తిన్నాక అది మీ ఇంటి పనికి రాదు, పొగ పట్టినట్టు బూడిద రంగులో వస్తుంది. కానీ పారేయకండి. అమలాపురంలోనో రాజమహేంద్రవరంలోనో పాత స్టూడియో వారెవరైనా ఇంకా నలుపు-తెలుపు ఫిల్ము కడిగేవారుంటే వారి దగ్గరకు డబ్బా తీసుకువెళ్ళండి. పూర్తి చీకటిలో ఒక జానెడు ముక్క కత్తిరించి, డెవలపర్‌లో, తరువాత బొమ్మను నిలిపే హైపోలో వేయమనండి. బొమ్మ ఏమీ రాదు. అంచున మాత్రం ఫ్యాక్టరీలో వేసిన అక్షరాలు మిగిలి ఉంటే లేస్తాయి. మీ మామయ్య గారు ఏ ఫిల్ము చుట్టుకుని ఊళ్ళో వాళ్ళ బొమ్మలు తీశారో అక్కడ చదువుకోవచ్చు. ఆ రోజు దాకా ఆ టేపును వెలుతురులో విప్పకండి.